బండల నడుమ చెట్లు: పోటీని లెక్కకట్టడం ఎలా

చెట్లు ఎడంగా ఉంటే పోటీ ఉన్నట్టు, గుంపుగా ఉంటే లేనట్టు అనుకోవడం హైదరాబాద్ అడవుల్లో చెల్లదు. కేబీఆర్ పార్కులో గానీ, చిలుకూరు దగ్గరి మృగవనిలో గానీ గ్రానైటు బండల సందుల్లో మట్టి ఉన్నచోటే చెట్లు లేస్తాయి. ఎంత కొట్లాడుకున్నా మ్యాపులో గుంపులే కనిపిస్తాయి. బండల ప్రభావాన్నీ, చెట్ల మధ్య పోటీ ప్రభావాన్నీ విడదీయడానికే కంప్యూటర్ మోడల్.

అటవీశాఖ అనుమతి తీసుకుని 100 మీటర్ల చదరాన్ని తాళ్లతో 10 మీటర్ల గళ్లు చేయండి. ప్రతి చెట్టు చోటునూ గడి మూల నుంచి టేపుతో కొలవాలి. ఫోన్ జీపీఎస్ వద్దు, దాని తప్పే చెట్ల మధ్య ఎడం కన్నా ఎక్కువ. 1.37 మీటర్ల ఎత్తున చుట్టుకొలత తీసి 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది.

పోటీని కొలవడానికి 1974లో అటవీ పరిశోధకుడు హెగ్యీ ఇచ్చిన సూచిక సరిపోతుంది: పక్క చెట్టు వ్యాసాన్ని మన చెట్టు వ్యాసంతో భాగించి, వచ్చినదాన్ని దూరంతో భాగించి, అన్నీ కూడాలి. 20 సెంటీమీటర్ల వ్యాసమున్న చెట్టుకు 4 మీటర్ల దూరంలో 40 సెంటీమీటర్ల వ్యాసమున్న చెట్టుంటే 0.5. చిక్కంతా మోదుగతో. నరికిన మొద్దు నుంచి లేచిన రెండు సమాన కాండాలు 0.2 మీటర్ల ఎడంలో ఉంటే సూచిక ఏకంగా 5! అలాంటివాటిని ఒకే చెట్టుగా తీసుకుని, వ్యాసాల వర్గాల మొత్తానికి వర్గమూలాన్ని దాని వ్యాసంగా కట్టండి. 8 మీటర్లలోపు పొరుగును లెక్కిస్తుంటే అంచున 8 మీటర్ల పట్టీలోని చెట్లు పొరుగుగానే పనికొస్తాయి, వాటి సొంత పొరుగు కొంత చదరం బయట ఉంటుంది కాబట్టి. సూచిక కట్టడానికి మిగిలేది 7,056 చదరపు మీటర్లే.

సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్‌లో చెట్లను ఏడాదేడాదిగా పెంచి చూసేటప్పుడు, ఏటా అన్ని చెట్ల పెరుగుదలనూ ఆ సూచికను బట్టి నిరుటి కొలతలతోనే లెక్కించి, చివర్లో ఒకేసారి మార్చాలి. ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే జాబితాలో ముందున్నవి ఊరికే గెలుస్తాయి. పెరుగుదల మందగించినవాటికి చావు అవకాశం పెంచండి.

ఫలితాన్ని చదరమంతా యాదృచ్ఛికంగా చల్లిన చుక్కలతో పోల్చకండి. మొదటి చోట్లు అలాగే ఉంచి, చచ్చినన్నే చెట్లను గుడ్డిగా తీసేసిన 199 నమూనాలతో పోల్చాలి. దగ్గరి దూరాల్లో బతికినవి వాటికన్నా ఎడంగా ఉంటే, అది పోటీ పనే.

ఇక్కడొక ఉచ్చు ఉంది. లోతు మట్టిలో చెట్లూ ఎక్కువ, పెరుగుదలా ఎక్కువ. మట్టిని వదిలేస్తే, పొరుగు ఎక్కువైతే చెట్టు బాగా పెరుగుతుందని మోడల్ చెబుతుంది. ప్రతి గడిలో నాలుగైదు చోట్ల ఇనుప చువ్వ దించి, బండ తగిలేదాకా లోతు కొలిచి పెరుగుదల సమీకరణంలో చేర్చండి.