కందెన ఇచ్చిన ఊరు

ఎనిమిదో తరగతి పిల్లలను వెంటబెట్టుకొని ఈ రోజు కర్నూలులోనే రవాణా చరిత్ర చూసి వచ్చాము. హైదరాబాదులో మ్యూజియం చూపిస్తే బాగుంటుందని తోటి ఉపాధ్యాయులు అన్నారు గానీ, ఇక్కడ పుట్టి పెరిగే పిల్లలు తమ ఊరి పేరులోనే ఉన్న బండి చక్రాన్ని ముందుగా తెలుసుకోవాలన్నది నా చిరకాల కోరిక.

ఉదయమే తుంగభద్ర ఒడ్డున నిలబడి, అవతలి వైపున్న అలంపురం ఆలయాలకు రాయి తోలిన బండ్లు ఏరు దాటేముందు ఇక్కడ ఆగేవనీ, ఇరుసులకు కావలసిన కందెన ఇక్కడి నూనె వర్తకులు ఇచ్చేవారనీ, అందుకే ఈ చోటు కందెనవోలు అయిందనీ, ఆ పేరే తర్వాత కర్నూలుగా మారిందనీ తరతరాలుగా చెప్పుకొనే కథను వివరించాను. అంతా విన్నాక ఒక అమ్మాయి, "కందెన అంటే ఏమిటి మేడమ్?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా కోడుమూరు వైపు నుంచి వచ్చే ఒక అబ్బాయి, గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపితే కందెన అవుతుందనీ, అది లేకపోతే ఇరుసు అరిగి బండి కిర్రుమంటుందనీ, తన తాత దానిని వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాడనీ చెప్పాడు. తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో మౌనంగా కూర్చొనే పిల్లవాడు వాడు.

అక్కడి నుంచి హంద్రీ దగ్గరకు వెళ్లాము. ఏటి మీదుగా కట్టిన వారధి పైన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) నీళ్లు పారడం చూసి పిల్లలు చాలాసేపు కదలలేదు. సుంకేసుల ఆనకట్ట నుంచి కడప దాకా 1863, 1870 సంవత్సరాల మధ్య మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఈ కాలువను తవ్వించింది పొలాలకే కాదు, పడవల రాకపోకలకు కూడా. "అయితే కింద ఏరు, పైన పడవా మేడమ్?" అని అడిగినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించిన ఆశ్చర్యాన్ని ఏ పాఠ్యపుస్తకమూ పుట్టించలేదు. అయితే ఆ పడవలకు కాలం కలిసిరాలేదు. మద్రాసు నుంచి కడప, గుత్తి, గుంతకల్లు, ఆదోని మీదుగా వేసిన రైలు మార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. నష్టాల్లో కూరుకుపోయిన కాలువను 1882లో ప్రభుత్వమే కొనుక్కోవలసి వచ్చింది. పడవలు పోయినా, పంటలకు నీరు మాత్రం నేటికీ దానిలోనే పారుతున్నది.

రైల్వే స్టేషనులో ఎక్కువసేపు ఆగలేదు, ఎండ ముదిరింది. ఓర్వకల్లు విమానాశ్రయానికి కూడా వెళ్దామని పిల్లలు పట్టుబట్టారు. 2021లో మొదలైన దానిని చూడటానికి ఇంకా చాలా రోజులున్నాయి. బండి తోలిన తాతలు మాత్రం ఊరికి ఒకరిద్దరే మిగిలారు. ఆ మాటే వాళ్లతో అన్నాను.

సాయంత్రం ఇళ్లకు వెళ్లేటప్పుడు ఆ అబ్బాయి దగ్గరకు వచ్చి, తాత వాడిన కందెన గొట్టం ఇంకా అటక మీదే ఉందనీ, సోమవారం తెస్తాననీ చెప్పాడు. దానికోసం తరగతి గదిలో కిటికీ పక్కనున్న బల్లను ఖాళీ చేసి వచ్చాను.