‘రహస్యం’ ముద్ర వేసిన కాగితం

నిన్న రావులపాలెం నుంచి వస్తుండగా, మా కాలువగట్టు మరమ్మతు అంచనాల ప్రతి ఒకటి, ‘రహస్యం’ అన్న ముద్రతో సహా నా ఫోనుకు చేరింది. గట్టు మీద పోసే మట్టి లెక్కలో దేశభద్రత ఎక్కడుందో నాకు బోధపడలేదు గానీ, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నదని గుర్తొచ్చి, పదిమందికీ పంపబోయి ఆగిపోయాను. 2019లో రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు కేసులో, పత్రికల్లో వచ్చిన రక్షణ పత్రాలను పరిశీలించరాదన్న కేంద్రం అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. హాని కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైనప్పుడు, ఆ పాత చట్టం ఉన్నా సమాచారం ఇవ్వవచ్చునని సమాచార హక్కు చట్టంలోని 8(2) సెక్షన్ చెబుతోంది. అయితే ఆ కాగితం అడుగున ఒక చిరుద్యోగి పేరు, ఫోను నంబరు కూడా ఉన్నాయి. 2011లో, రహస్య పత్రాలను బయటపెట్టే వికీలీక్స్ సంస్థ అమెరికా దౌత్య సందేశాలను పేర్లు చెరపకుండానే వెలువరించినప్పుడు వచ్చిన విమర్శ ఇటువంటి దాని గురించే. ఈ ఉదయం అదే అంచనాల ప్రతి కోసం దరఖాస్తు పెట్టాను.