కేస్ షీట్‌లో మొదటి వాక్యం

ఈ నెల మా మెడిసిన్ యూనిట్‌కు మూడో సంవత్సరం ఎంబీబీఎస్ విద్యార్థులు పోస్టింగ్‌కు వచ్చారు. రెండో రోజున, 60 ఏళ్లు దాటిన ఒక రైతు ‘కళ్ళు తిరుగుతున్నాయమ్మా’ అని చెప్పుకున్న బాధను ఒక విద్యార్థిని కేస్ షీట్‌లో ‘గిడ్డీనెస్, 4 రోజులు’ అని రాసి నాకు చూపించింది. మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లి మరికొంత అడగమన్నాను. గది గిర్రున తిరుగుతున్నట్టు ఉందా, లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్ముతున్నాయా, లేక తల బాగానే ఉన్నా నడకలో తూలుతున్నారా? మొదటిదైతే ముందు లోపలి చెవిని, రెండోదైతే రక్తపోటు పడిపోవడాన్ని, మూడోదైతే చిన్నమెదడును అనుమానించాలి. ఆయన చెప్పింది రెండోది. ఇటీవల బీపీ మాత్ర మోతాదు పెరిగిన సంగతి కూడా అప్పుడే బయటపడింది. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన 3 నిమిషాలకు ఇంకోసారి బీపీ చూస్తే పై అంకె 30 తగ్గింది.

ఎంబీబీఎస్ అంటే నాలుగున్నర ఏళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. నేను చదివిన రోజుల్లో రోగి మంచం దగ్గరికి వెళ్లేది రెండో ఏడాదిలోనే. 2019లో వచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక మొదటి ఏడాది నుంచే విద్యార్థులను రోగుల వద్దకు తీసుకువెళుతోంది, రోగితో మాట్లాడే తీరును, నైతికతను కూడా పాఠంగా చేర్చింది. ఇది చాలా మంచి మార్పని నా నమ్మకం. అయితే నేర్చుకున్నవి నమోదు చేసే లాగ్ బుక్‌లో సంతకాలు పూర్తయినంత మాత్రాన రోగి మాట వినడం వచ్చేసినట్టు కాదు. పక్కన ఒక పెద్ద డాక్టరు నిలబడి, ‘ఆ మాటకు ఆయన అర్థం ఏమిటో అడిగావా?’ అని పదే పదే గుర్తుచేస్తేనే అది అలవాటవుతుంది.

పరిశోధనకు కూడా పునాది అక్కడే పడుతుంది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, జొన్నే ప్రధాన ఆహారంగా బతికే పేదల్లో, నియాసిన్ అనే బి విటమిన్ కొరతతో వచ్చే పెలాగ్రాను గమనించారు. ఎండ తగిలే మెడ మీద, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు కట్టే ఈ జబ్బు అంతకు ముందు మొక్కజొన్న తినేవారి జబ్బుగా పేరుపడింది. శరీరం నియాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మొక్కజొన్నలో తక్కువ గనుక అక్కడ కారణం తెలుస్తోంది, కానీ జొన్నలో ఆ కొరత అంతగా లేదు. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే మరో అమైనో ఆమ్లం ఇందుకు కారణం కావచ్చని ఆ సంస్థ శాస్త్రవేత్తలు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఆ వాదనపై తర్వాత చాలా చర్చ జరిగింది. అయినా, రోగి రోజూ ఏం తింటున్నాడో ఎవరూ అడిగి ఉండకపోతే ఆ ప్రశ్నే పుట్టేది కాదు.

ఎండీ చేసే ప్రతి పీజీ థీసిస్ రాయాలి. గైడును ఎంచుకోవడం, ప్రొటోకాల్ (పరిశోధన ప్రణాళిక) రాయడం, ఎథిక్స్ కమిటీ అనుమతి పొందడం, విశ్వవిద్యాలయానికి సమర్పించడం అందరికీ తెలిసినవే. నా బాధంతా అంశం ఎంపిక గురించే. పాత థీసిస్‌ల జాబితా ముందు పెట్టుకుని కొత్త అంశం వెతుక్కునే పీజీలను చూసినప్పుడల్లా, తమ వార్డులోని గత 6 నెలల కేస్ షీట్లను ఒకసారి తిరగేయమని చెబుతాను. అయితే ఆ షీట్లలో మూడు వేర్వేరు బాధలు ‘గిడ్డీనెస్’ అనే ఒకే మాట కింద కలిసిపోయి ఉంటే, తర్వాత ఏ గణాంక పద్ధతీ వాటిని విడదీయలేదు.

ఆ విద్యార్థిని నిన్న మళ్లీ వచ్చింది. మా ఓపీకి బీపీ మాత్రలు వాడుతూ వచ్చే పెద్దవాళ్లలో ఎంతమందికి నిలబడగానే రక్తపోటు ఇలా తగ్గుతోందో చూడాలని ఉందట. ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నడిపే 2 నెలల పరిశోధన పథకానికి ప్రతిపాదన పంపుదామన్నాను. రోగుల అంగీకార పత్రం చిత్తుప్రతిని తెలుగులోనే రాసి తెచ్చింది. అందులో జబ్బు పేరు రాయాల్సిన చోట, ‘లేచి నిలబడగానే కళ్ళు బైర్లు కమ్మడం’ అని ఉంది.