పన్ను పీకిన గుంతలో బతికున్న ఎముక

పన్ను పీకాక దవడ గట్టు ఉన్నట్టుండదు. ఏడాదిలో వెడల్పు దాదాపు సగం తరిగిపోతుంది, ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. తర్వాత ఇంప్లాంట్ పెట్టాలనుకుంటే, పీకిన పూటే సాకెట్‌లో (పన్ను ఉన్న గుంతలో) ఎముక గ్రాఫ్ట్, అంటే అతికించే ఎముక, నింపేది అందుకే. మామూలుగా వాడేది దాత ఎముకను ఫ్రీజ్-డ్రై చేసిన పొడి. అందులో కణాలేవీ బతికుండవు, కొత్త ఎముక పాకడానికి అదొక పందిరి. కణాలు చావకుండా గడ్డకట్టించి దాచిన గ్రాఫ్ట్ వేరే సరుకు. దాని మర్యాదలూ వేరు.

అది ఉండేది మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లోనో, ఇంకా చల్లటి చోటో. కణంలోని నీరు మంచు పలుకులై పొరను చీల్చకుండా డీఎంఎస్‌ఓ లాంటి రక్షక ద్రవం కలిపి, సాధారణంగా నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరుస్తారు. కరిగించడం మాత్రం 37 డిగ్రీల నీళ్లలో, గబగబా. బల్ల మీద వదిలేస్తే సగం కరిగిన దశలో చిన్న పలుకులు కలిసి పెద్దవవుతాయి, కణాలు పోతాయి. కరగగానే ద్రవం వంపేసి సెలైన్‌తో కడగాలి, వెచ్చబడ్డాక డీఎంఎస్‌ఓ కణాలకు విషమే. క్లోర్‌హెక్సిడిన్, బెటాడిన్ లాంటి క్రిమినాశకాలు దరిదాపుల్లోకి రాకూడదు. మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టే వీల్లేదు కాబట్టి సాకెట్ సిద్ధమయ్యాకే కరిగించాలి. ముందే కరిగించుకుని, విరిగి మిగిలిన పంటి వేరు ముక్క కోసం కుస్తీ పడితే వాడాల్సిన గడువు కాస్తా అయిపోతుంది.

సాకెట్‌ను క్యూరెట్‌తో (గీకే చెంచా లాంటి పరికరంతో) గీకుతుంటే మెత్తగా జారే కండ పోయి, గరగరమని ఎముక తగలాలి. గోడల్లోంచి రక్తం ఊరాలి. ఊరకపోతే సెలైన్ పోస్తూ చిన్న రౌండ్ బర్‌తో (గుండ్రటి డ్రిల్ మొనతో) నాలుగైదు చిల్లులు పెట్టాలి. గ్రాఫ్ట్ ఒంటి వేరు పన్నుకు సుమారు అర సీసీ, దవడ పన్నుకు ఒకటి, ఒకటిన్నర. అదిమి కూరొద్దు. రక్తనాళానికి 200 మైక్రాన్లకు మించి దూరమైతే కణానికి ఆక్సిజన్ అందడం కష్టం. గట్టిగా దట్టిస్తే నడిమి కణాలు కొత్త నాళాలు వచ్చేలోపే చస్తాయి, అంత డబ్బు పోసి కొన్నది మామూలు పొడితో సమానం. పైన కొలాజెన్ పొర, ఎముక అంచు దాటి 2–3 మి.మీ. ఆపైన కదలకుండా కుట్లు.

నన్నడిగితే, నాలుగు గోడలూ నిలిచిన సాకెట్‌కు ఈ బతికున్న కణాల గ్రాఫ్ట్ దండగ. పొడి చాలు.

ఇంకో చిక్కుంది. కణాలు బతకాలంటే గామా కిరణాలతో స్టెరిలైజ్ చేయలేరు. అమెరికాలో ఇలాంటి గ్రాఫ్ట్‌ల ద్వారా 2021లో, మళ్లీ 2023లో క్షయ సోకింది. రెండోసారి అది పంటి చికిత్సలకూ చేరింది. మామూలు కల్చర్‌లో (సూక్ష్మజీవుల్ని పెంచి చూసే పరీక్షలో) క్షయ బ్యాక్టీరియా దొరకదు, దానికి విడిగా, వారాల తరబడి పెంచాలి. దాత ఎముకకు క్షయ పరీక్ష ప్రత్యేకంగా చేశారా అని సరఫరాదారుణ్ని కాగితం మీద అడగండి. డబ్బా మీది లాట్ నంబర్ స్టిక్కర్ చెత్తబుట్టలోకి పోకముందే ఊడదీసి కేస్ షీట్‌కు అంటించండి.