సర్కారు దవాఖానలో నా రెండో కాన్పు

నా మొదటి కాన్పు ఒక ప్రైవేటు నర్సింగ్‌హోంలో పెద్ద ఆపరేషన్‌తో జరిగింది. ఆ అప్పు తీర్చడానికి మాకు రెండేళ్ల పత్తి పంట సరిపోయింది. అందువల్ల 2019లో మళ్లీ నెల తప్పినప్పుడు ఈసారి సర్కారు దవాఖానకే వెళ్లాలని నేనూ మా ఆయనా ముందే అనుకున్నాం. మూడో నెలలో మా ఊరి ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి, ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం జిరాక్సులు తీసుకుని, సర్కారు దవాఖానలో కాన్పయ్యే తల్లులకు తెలంగాణ సర్కారు విడతలుగా డబ్బులిచ్చే కేసీఆర్ కిట్ పథకంలో నా పేరు నమోదు చేయించింది.

పరీక్షలకు, గర్భిణుల కోసం సర్కారు నడిపే 102 అమ్మ ఒడి బండి ఇంటి దగ్గర ఎక్కించుకుని మళ్లీ ఇంటి దగ్గరే దించేది. ఐదో నెలలో రక్తం 8 గ్రాములే ఉందని తేలింది. ఐరన్ మాత్రలు వేసుకుంటే వాంతి వస్తున్నదని వాటిని మానేసిన సంగతి నర్సమ్మకు దాచకుండా చెప్పాను. ఆమె కోప్పడకుండా నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లింది, అక్కడ సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించారు. మొదటి కాన్పు ఆపరేషన్ అయినందున నొప్పుల సమయంలో గర్భసంచి మీది పాత కుట్టు విచ్చుకునే ప్రమాదం ఉంటుందనీ, కాబట్టి పీహెచ్‌సీలో కాక రక్తనిధి ఉన్న పెద్ద ఆస్పత్రిలోనే కాన్పు కావాలనీ నా కార్డు మీద రాసింది కూడా ఆ నర్సమ్మే.

పెద్ద ఆస్పత్రిలో నా రెండో కాన్పూ ఆపరేషన్‌తోనే అయింది. ఆపరేషన్‌కు, మందులకు, రక్త పరీక్షలకు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. అయితే పాపను చేతికిచ్చేటప్పుడు ఒక ఆయా అయిదువందలు అడిగితే, మా అమ్మ కొంగుముడి విప్పి ఇచ్చేసింది. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద 2011 నుంచి సర్కారు దవాఖానలో కాన్పుకు ఏ రుసుమూ ఉండదనీ, ఆపరేషన్ అయిన తల్లికి ఏడు రోజులు భోజనం పెట్టాలనీ, ఇంటికి బండిలో దింపాలనీ గోడ మీద బోర్డు ఉంది. దానిని మూడో రోజున నేను చదివి వినిపించేదాకా చదువురాని మా అమ్మకు ఆ సంగతి తెలియదు.

ఆ భోజనం తల్లికి మాత్రమే. నాకు తోడుగా ఉన్న మా అమ్మ ఆ ఏడు రోజులూ బయట కొనుక్కుని తిన్నది, వరండాలో చాప మీద పడుకున్నది, పత్తి ఏరే కూలి పోగొట్టుకున్నది. మా వాడలో కొందరు ఆడవాళ్లు సర్కారు దవాఖానకు వెనకాడేది డాక్టర్ల మీద నమ్మకం లేక కాదు, వెంట వచ్చి కూర్చునే మనిషి లేకనేనని నాకు అక్కడే అర్థమైంది.

ఆడపిల్ల కాబట్టి కేసీఆర్ కిట్ కింద మాకు రావలసినది మొత్తం 13,000 రూపాయలు. ఆధార్‌లో పుట్టింటి పేరు, బ్యాంకులో అత్తింటి పేరు ఉన్నందువల్ల కాన్పు తర్వాతి విడత ఆగిపోయి, చంటిపిల్లతో మూడుసార్లు బ్యాంకుకు తిరిగాను. అందుకే మా తోడికోడలు నెల తప్పగానే ముందు ఆమె పేరు రెండు చోట్లా ఒకేలా ఉండేటట్టు చేయించాను. కాన్పుకు బయలుదేరేనాడు ఆమె తల్లి చేతిలో వారం రోజుల తిండి ఖర్చు పెట్టి పంపాను.