ఎల్లో ఫీవర్ కార్డు మలేరియాను ఆపదు

ఉగాండా వెళ్తున్నానంటే ప్రతివాళ్లూ అడిగేది ఒక్కటే, ఎల్లో ఫీవర్ ఇంజెక్షన్ అయిందా అని. ఎంటెబ్బె ఎయిర్‌పోర్టులో చూసేదీ ఆ పసుపుపచ్చ కార్డే, తిరిగొస్తే శంషాబాద్‌లో అడిగేదీ అదే. దాంతో ఆ ఒక్క సూదితో అక్కడి జబ్బులన్నిటికీ అడ్డుకట్ట పడిందనుకుంటారు. నన్ను మంచాన పడేసింది దానితో ఏ సంబంధమూ లేని ఫాల్సిపారం మలేరియా, మలేరియాల్లోకెల్లా ప్రమాదకరమైన రకం.

హైదరాబాద్ వచ్చిన రెండో వారంలో మొదలైంది. ముందు తలనొప్పి, నడుము పట్టేయడం, నోరు చేదు. సాయంత్రానికి చలి. మే నెల ఎండల్లో ఫ్యాను ఆపించి రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. ఆ వెనకే 104 జ్వరం, తర్వాత బనీను పిండితే నీళ్లు కారేంత చెమట. రోజు విడిచి రోజు వస్తేనే మలేరియా అనే పాత లెక్క వైవాక్స్ అనే మరో రకానికి కొంతవరకు సరిపోతుంది. ఫాల్సిపారం వేళాపాళా పాటించదు. దోమ కుట్టాక సాధారణంగా 7 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది, కొందరికి నెల దాటాక కూడా. అంటే జబ్బు అంటుకునేది అక్కడ, తేలేది ఇక్కడ. తేలినచోట దాని గురించి ఎవరికీ అనుమానం రాదు.

దగ్గర్లోని క్లినిక్‌లో ప్లేట్‌లెట్లు 62 వేలన్నారు, టైఫాయిడ్‌కి చేసే వైడాల్ రక్తపరీక్ష పాజిటివ్ అన్నారు. ప్లేట్‌లెట్లు పడితే డెంగీ, వైడాల్ వస్తే టైఫాయిడ్. ఎక్కణ్నుంచి వచ్చావని అడగకుండానే సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇంట్లో బొప్పాయాకు రసం తయారైంది. నిజానికి మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. వైడాల్ చూసేది యాంటీబాడీలనే. ఎప్పుడో వచ్చిన టైఫాయిడ్ వల్లా, వేరే జ్వరాల వల్లా అది పాజిటివ్ రావచ్చు, ఆ వేరే జ్వరాల్లో మలేరియా కూడా ఉంది. ఫాల్సిపారంలో ఇలా పోయే ప్రతి రోజూ ప్రమాదమే. మెదడుకో కిడ్నీలకో ఎక్కిందంటే ప్రాణం గంటల లెక్కలోకి వస్తుంది. మలేరియా ఉన్న దేశం నుంచి వచ్చాక ఏ జ్వరం వచ్చినా డాక్టరుతో మొదటి మాటగా "ఫలానా దేశం నుంచి వచ్చాను, మలేరియా స్మియర్ రాయండి" అనాలి. మొహమాటపడకూడదు.

స్మియర్ అంటే గాజు పలక మీద రక్తపు చుక్క పూసి మైక్రోస్కోపులో చూడటం. అది రెండు రకాలు. దళసరిగా పూసిన చుక్కలో తక్కువ క్రిములున్నా దొరుకుతాయి. పల్చగా పూసినదాంట్లో ఏ జాతో, ఎన్ని శాతం కణాలకు పట్టిందో తెలుస్తుంది. రెండూ చేయించాలి. ఒకసారి నెగెటివ్ వచ్చిందని వదిలేయకూడదు, 12 నుంచి 24 గంటల తేడాతో మొత్తం మూడుసార్లు చూడాలి. నా స్లైడులో ఉంగరాల్లాంటి క్రిములు కనిపించాయి. మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ దోమ కడుపులో పట్టుకున్నది 1897 ఆగస్టు 20న, ఈ సికింద్రాబాద్‌లోనే. అదే ఊళ్లో ఈ పరీక్ష అడిగి మరీ చేయించుకోవాల్సి రావడం విడ్డూరం.

వాంతులవుతుండటంతో మాత్రలు నిలవవని ఆర్టిసునేట్ అనే మలేరియా మందు ఇంజెక్షన్‌తో మొదలుపెట్టారు. మోతాదు కిలోకి 2.4 మి.గ్రా. అరవై కిలోల మనిషికి 144, వయల్‌లో ఉండేది 60, అంటే మూడు వయల్స్ తెరవాలి. ఆ పొడిని ముందు దాంతోపాటు వచ్చే బైకార్బొనేట్‌లో కరిగించి, తర్వాత సెలైన్ కలుపుతారు. కలిపి ఉంచితే పనికిరాదు, గంటలోపు ఎక్కించాలి. చేర్చుకోగానే ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి. నోటికి తిండి పట్టాక ఆర్టిమెథర్-ల్యూమిఫాంట్రిన్ మాత్రలు మూడు రోజులు పూర్తిగా వాడాలి. మొదటి రెండు మోతాదుల మధ్య 8 గంటలు, తర్వాత రోజుకు రెండుసార్లు. మన దగ్గర 80/480 మి.గ్రా. మాత్ర ఒకటి వేసుకుంటే చాలు, ఉగాండాలో 20/120వి నాలుగు ఇస్తారు, మోతాదు ఒకటే. ఖాళీ కడుపున వేసుకుంటే మందు సరిగా ఒంటికి పట్టదు, ల్యూమిఫాంట్రిన్‌కి కొవ్వు కావాలి. గ్లాసుడు పాలో, నెయ్యి కలిపిన నాలుగు ముద్దలో చాలు. అరగంటలోపు వాంతయితే మోతాదు మళ్లీ వేసుకోవాలి. చివర్లో ఇచ్చే ప్రైమాక్విన్ ఒక్క మోతాదు నా జ్వరానికి కాదు, నన్ను కుట్టే దోమకు అంటకుండా.

జ్వరం రెండు రోజుల్లో దిగింది. నీరసం మాత్రం వారాలపాటు వదల్లేదు, మేడ మెట్లెక్కితే ఆయాసం. అది మామూలే అని కూర్చోకూడదు. ఆర్టిసునేట్ ఇంజెక్షన్ తీసుకున్న కొందరిలో 1 నుంచి 4 వారాల మధ్య ఎర్రకణాలు మళ్లీ పగిలిపోతాయి. అందుకే నెల రోజులు వారానికోసారి హిమోగ్లోబిన్ చూపించుకోవాలి, మూత్రం ముదురు రంగులోకి మారితే వెంటనే వెళ్లాలి. కిట్‌తో చేసే మలేరియా పరీక్ష నయమయ్యాక కూడా కొన్ని వారాలు పాజిటివ్ చూపించవచ్చు. తగ్గిందా లేదా తేల్చేది స్మియరే.

ఇక టీకాల సంగతి. ఎల్లో ఫీవర్‌ది హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, ఒరిజినల్ పాస్‌పోర్టు తీసుకెళ్లాలి. వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. కొత్త పాస్‌పోర్టు తీసుకున్నవాళ్లు కార్డుమీద నంబరున్న పాతదీ వెంట ఉంచుకోవాలి. కార్డు లేకుండా తిరిగొస్తే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. బతికున్న వైరస్‌తో చేసిన టీకా కాబట్టి గర్భిణులు, గుడ్డు పడనివాళ్లు, 60 దాటినవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ, టెటనస్ బూస్టర్ కూడా చూసుకోవాలి. మలేరియా టీకా వచ్చిందిగా అంటారు, అవి అక్కడి చిన్నపిల్లల కోసం, ప్రయాణికులకు కాదు.

"మనకి మలేరియా కొత్తా?" అనే ధీమా కూడా పనికిరాదు. చిన్నప్పట్నుంచీ పదేపదే వచ్చి అక్కడివాళ్లకు ఏర్పడే కొద్దిపాటి తట్టుకునే శక్తి మనకుండదు. ఏళ్ల తరబడి అక్కడుండి వచ్చినవాళ్లకైనా కొంతకాలానికి పోతుంది. మలేరియా దోమ కుట్టేది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా. ఆ వేళల్లో పొడుగు చేతుల చొక్కా, దోమల్ని దూరంగా ఉంచే డీట్ 20 శాతానికి తగ్గని క్రీము, పెర్మెత్రిన్ అనే దోమల మందు పట్టించిన దోమతెర. తెర అంచులు పరుపు కిందికి దోపకపోతే కట్టినా ఒకటే, కట్టకపోయినా ఒకటే.

వీటితోపాటు మలేరియా రాకుండా ముందునుంచే వేసుకునే మాత్రలు. అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ అయితే తిరిగొచ్చాక 7 రోజులు వాడితే చాలు, కానీ మన మందుల షాపుల్లో అంత తేలిగ్గా దొరకదు. దొరికేది డాక్సీసైక్లిన్ 100, రోజుకొకటి, నిండు గ్లాసు నీళ్లతో. వేసుకున్న అరగంటదాకా పడుకోకూడదు, గొంతు కింద ఇరుక్కుంటే పుండు పడుతుంది. ఎండకు చర్మం కమిలిపోతుంది. గర్భిణులకు, 8 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. బయల్దేరడానికి 2 రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక 4 వారాలు కొనసాగించాలి. చాలామంది దిగగానే ఆపేసేది ఈ 4 వారాలే. ఆరు వారాల పనికి లెక్క వేస్తే 2, 42, 28 కలిపి 72 మాత్రలు. పదేసి ఉండే స్ట్రిప్పులు ఎనిమిది, చీటీ రాయించుకుని ఇక్కడే కొనుక్కోవాలి.