పాత బోటు ఇంజను, డీజిల్‌లో కలిపే మందులు

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని మా మరబోటుకు పాత డీజిల్ ఇంజనే ఆధారం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా వచ్చిన బీఎస్-6 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల్లో ఆరో దశ) డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లు మించకూడదు. బీఎస్-4లో ఆ పరిమితి 50. గంధకాన్ని తీసే శుద్ధిలో ఇంధనపు జారుడు గుణమూ తగ్గుతుంది కనుక, డీజిల్‌నే కందెనగా వాడుకునే పాత పంపులు అరిగిపోతాయన్న భయం నాకూ ఉండేది. అయితే ఆ లోటు తీర్చే మందును రిఫైనరీలే కలుపుతాయి. మనం మళ్లీ కలిపేది అదనపు జాగ్రత్త మాత్రమే.

అసలు శత్రువు నీరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల వేట నిషేధంలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో గాలిలోని తేమ నీరై అడుగుకు చేరుతుంది, ఆ నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఒక ఏడాది వేట మొదలైన రెండో రోజే ఆ జిగురుతో ఫిల్టరు మూసుకుపోయి నడిసంద్రంలో ఇంజను ఆగినప్పుడు, నాన్న ముఖంలోని ఆందోళనను నేను మరువలేదు.

సూక్ష్మజీవులను చంపే మందు పనిచేస్తుంది, కానీ చచ్చిన మడ్డి కూడా ఫిల్టరుకే చేరుతుంది కాబట్టి ముందు ట్యాంకు కడిగించాలి. నీటిని డీజిల్‌లో కలిపేసే ఆల్కహాలు మందులను మాత్రం నేను వాడను. ఆ నీరు ఇంజనులోకి డీజిల్‌ను చిమ్మే ఇంజెక్టర్ల దాకా వెళ్లి వాటిని పాడుచేస్తుంది. నిషేధానికి ముందే ట్యాంకు నిండా డీజిల్ పోయించి, అడుగునీటిని తరచూ వదిలేస్తున్నాను.